రంగం లైసెన్సు, దాలమ్మ ఉలవలు

మాఘమాసంలో ఒక బుధవారం ఉదయం పదకొండు గంటలప్పుడు, ఆమదాలవలస నుంచి శ్రీకాకుళం పోయే రోడ్డు పక్క కాలవలోకి ఒక నల్ల అంబాసిడరు కారు ఎడమ చక్రాలు రెండూ దించుకుని ఆగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ముందు సీట్లో ఎడమ పక్కన కూర్చుని డ్రైవింగు పరీక్ష చేస్తున్న బ్రేకు ఇనస్పెక్టరు నరసింగరావు గారు పెన్నుకు మూత పెట్టి, తలుపు తెరుచుకుని, చీలమండ లోతు నీళ్లలోకి దిగారు. అటువైపు దిగడానికి వేరే చోటు లేదు.

కారు తోలుతున్న సోములు స్టీరింగు వదలకుండా కూర్చున్నాడు. వెనక సీట్లో అతని బావమరిది చినబాబు తల పట్టుకున్నాడు. రోడ్డు మీద, ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఎండిన ఉలవ మొక్కలు పరిచి ఉన్నాయి. వాటిని పరిచిన దాలమ్మ చేట పట్టుకుని పరుగున వచ్చింది.

"ఏటి బాబూ! కారొస్తాది, ఓపాలి తొక్కేసి ఎల్తాదని పొద్దున్నించి కాసుకునున్నాను. కాలవలోకెల్తావేటి?"

"తిండిగింజలమ్మా! సక్రాలతో తొక్కుతామేటి? రంగంలో అయితే..."

"రంగంలో ఉలవలు గాల్లో నూరుస్తారేటి?"

రంగం అంటే రంగూను. యుద్ధం ముగిశాక, పదహారో ఏట, సోములు పొందూరు దగ్గర పల్లె నుంచి మేనమామ వెంట అక్కడికి ఓడెక్కాడు. మొదట కార్లు కడిగాడు, తరవాత పదిహేనేళ్లు టాక్సీ తోలాడు. అక్కడ రోజులు మారి మనవాళ్లంతా తిరిగొచ్చేసినప్పుడు తనూ వచ్చేశాడు. ఓడ దిగేనాటికి భార్య తాయారు మెళ్లో పుస్తెలూ, అతని జేబులో రంగం లైసెన్సూ మిగిలాయి. అతను వెళ్లేనాటికి ఊళ్లో పంట నూర్చేది కళ్లంలో, ఎడ్లతో. తారురోడ్డు పడ్డాక రైతులు పంటను రోడ్డు మీద పరిచి లారీల చేత నూర్పిస్తున్నారన్న సంగతి అతనికెవరూ చెప్పలేదు. చెప్పనిస్తే కదా. ఎవరేం చెప్పబోయినా "రంగంలో అయితే" అని అందుకునేవాడు. రంగంలో లేనిది లేదు.

నాలుగేళ్లుగా దంపతుల కాపురం చినబాబు ఇంటి అరుగు మీదే. బావమరిది అన్నం ఎంత ప్రేమగా పెట్టినా, మూడో ముద్దకే సోములు చెయ్యి కడుక్కునేవాడు. అలాంటప్పుడు రైసుమిల్లు యజమాని సీతారామారావు గారు ఈ అంబాసిడరు కొని, డ్రైవరు ఉద్యోగమూ, మిల్లు వెనక గదీ ఇస్తానన్నారు. నెలలోగా లైసెన్సు చూపించాలి. లేకపోతే గజపతినగరంలో ఒకడు సిద్ధంగా ఉన్నాడు.

సోములు నూనెకాయితం విప్పి రంగం లైసెన్సు ఇనస్పెక్టరు గారి బల్ల మీద పెట్టాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది అసలైనదే. అనుమానం లేదు. కాని దీంతో నువ్వు ఆ దేశంలోనే తోలాలి."

"ఆ దేశం ఇంక నన్ను రానివ్వదండి."

"అయితే ఇక్కడ నేర్చుకో."

అలా, పదిహేనేళ్లు కారు తోలినవాడు కారుకి ఎల్ బోర్డు కట్టుకున్నాడు. పక్కన లైసెన్సున్నవాడు కూర్చోవాలని నియమం. మిల్లు లారీ తోలే చినబాబుకి లైసెన్సుంది.

"హారను కొట్టు బావా. సెయ్యి సూపించు బావా."

"నువ్వు మొలతాడుతో తిరిగే రోజుల్లో నేను రంగంలో సర్కిలు సుట్టూ తిరుగుతన్నాన్రా!"

"అందుకే తిన్నగా ఎల్లడం నేర్సుకో బావా."

కాలవ సంగతి జరిగింది ఆ తరవాతే. పరీక్ష తప్పింది, మిల్లు యజమాని పెట్టిన నెల గడువులో ఎనిమిది రోజులు మిగిలాయి. ఆ పూట తాయారు భర్త ముందు అన్నం పెట్టి, "రంగంలో ఏం సేసేవోరో నాకు తెలుసు, నేనూ అక్కడే ఉన్నాను. ఇక్కడోళ్లు ఏటి సేస్తన్నారో సూడు," అంది.

వారం తిరిగి మళ్లీ బుధవారం. అదే రోడ్డు. ఇనస్పెక్టరు గారు ఈసారి పాత చెప్పులు వేసుకొచ్చారు. దాలమ్మ కొత్త మోపులు పరిచి కూర్చుంది. ఉలవల దగ్గరికి రాగానే సోములు బ్రేకు వేశాడు. వెనక సీట్లో చినబాబు కళ్లు మూసుకున్నాడు. సోములు చెప్పులు విప్పి సీటు కిందకి తోశాడు.

"ఎందుకయ్యా?" అన్నారు ఇనస్పెక్టరు.

"గింజల మీద సెప్పులతో ఎల్లకూడదండి."

అద్దంలోంచి ఉలవలకి దణ్ణం పెట్టుకుని, వట్టి కాళ్లతో కారు మెల్లగా వాటి మీదుగా పోనిచ్చాడు. కాయలు చిటపటమన్నాయి.

"ఆ ఎడం పక్క నలగలేదు బాబూ, ఓపాలి ఎనక్కి రా!" అని దాలమ్మ కేకేసింది.

"ఎలాగూ వెనక్కి తోలించి చూడాలి. పోనీ," అన్నారు ఇనస్పెక్టరు.

నాలుగుసార్లు ముందుకీ మూడుసార్లు వెనక్కీ పోనిచ్చాడు. నాలుగోసారికి ఇనస్పెక్టరు గారు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇంకాస్త కుడికి, అక్కడ కాయలున్నాయి," అంటున్నారు. పరీక్ష ముగించి కాగితం మీద సంతకం చేశారు. దాలమ్మ ఆయనకి చేటెడు ఉలవలు ఇవ్వబోతే లంచమవుతుందని పుచ్చుకోలేదు. చారు బాగుంటుందని మాత్రం ఒప్పుకున్నారు.

తాయారు ఆ వారమే మిల్లు వెనక గదిలో పొయ్యి వెలిగించింది. సోములుకి ఉద్యోగంతోపాటు ఒక అలవాటూ వచ్చింది. రోడ్డు మీద పంట కనపడితే చాలు, కారాపడం, చెప్పులు విప్పడం, దణ్ణం పెట్టడం, పంటంతా నలిగేదాకా ముందుకీ వెనక్కీ తోలడం. రైతులు లారీల కోసం ఎదురుచూడడం మానేశారు.

ఒకరోజు సీతారామారావు గారు విశాఖపట్నం రైలు అందుకోవాలని శ్రీకాకుళం నుంచి బయలుదేరారు. దారిలో మూడు చోట్ల పంట పరిచి ఉంది. ఆమదాలవలస స్టేషను చేరేసరికి రైలు వెళ్లిపోయి, ప్లాట్‌ఫారం మీద ఒక మేక మిగిలింది. ఆయన సంచీ కింద పెట్టి అరిచారు.

"ఏట్రా సోములూ! ఎనిమిది మైళ్ల దారికి గంటన్నరా? రంగంలో కూడా ఇలాగే ముందుకీ ఎనక్కీ తోలేవోడివా?"

"రంగంలో ఉలవల్లేవు బాబూ."