దొరకు పెట్టిన బొట్టు

ఆ రోజుల్లో మస్కట్ పోయినవాడికి మా ఊళ్లో దక్కే గౌరవం అంతా ఇంతా కాదు. అక్కడ వాడు ఏం పని చేస్తున్నాడో ఎవరూ అడిగేవారు కాదు, వాడూ చెప్పేవాడు కాదు. నేను అక్కడి ఘుబ్రా పేటలో ఒక తెల్లాయన ఇంట్లో తుడవడం, వండడం, చెట్లకు నీళ్లు పెట్టడం చేసేవాణ్ని (ఊళ్లో మాత్రం ‘పెద్ద ఇంజనీరు దగ్గర పని’ అని చెప్పుకున్నారు, అబద్ధమేమీ కాదు). ఆ పెద్దసారు ఒంటరి మనిషి. పొద్దున పోతే సాయంత్రానికి రావడం, వచ్చాక పేపరు చాటున కూర్చోవడం. ఆయనకు తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు. ఇద్దరికీ కలిపి ఉన్నవి కాసిని హిందీ ముక్కలు. ‘ఖానా’, ‘పానీ’ అయిపోతే ఆ రోజుకు మా మాటలు అయిపోయినట్టే.

ఆ ఇంట్లో మూడో మనిషి, హాల్లో ఎత్తయిన దిమ్మె మీద ఉండే పాలరాతి బొమ్మ. ఉంగరాల జుట్టు, నిటారు ముక్కు, కనుపాపలు లేని కళ్లు. చొక్కా లేదు, అప్పుడే స్నానం చేసి వచ్చినట్టు భుజం మీద ఒక గుడ్డ మడత. ఛాతీ దగ్గరికే మనిషి ఆఖరు. ఎవరని సైగ చేస్తే పెద్దసారు, “లార్డ్. బిగ్ ల్యాండ్. బహుత్ బడా ఆద్మీ” అన్నాడు. నాకు వెంటనే అర్థమైపోయింది, పెద్దసారు తాతో ముత్తాతో అయ్యుంటాడు. దొర! మా తాత మా ఊరి దొర ఉండే గడి ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచినవాడు. ఆ అలవాటు నాకూ వచ్చినట్టుంది, మొదట్లో హాల్లోకి చెప్పులు విడిచి, తల వంచుకునే వెళ్లేవాణ్ని (చేతుల్లేని దొర ఏం కొడతాడన్న ధైర్యం రావడానికి కొన్నాళ్లు పట్టింది). రోజూ ముక్కు తుడిచేవాణ్ని గనక మెల్లగా చనువు పెరిగింది. పెద్దసారు చుట్టీ మీద తన దేశం పోతే మాత్రం ఆ ఇల్లు నన్ను మింగేసేది. ఏసీ చప్పుడు తప్ప మనిషి గొంతు ఉండదు. పళ్లెం తెచ్చుకుని, దొర ఎదుట కాలు మీద కాలేసుకుని కూర్చుని, “పప్పుల ఉప్పెక్కువైంది దొరా, ఏమనుకోకు” అంటూ తినేవాణ్ని. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఎవరితోనూ మాట్లాడకపోతే మాటే మరిచిపోతానేమోనని అప్పుడు నిజంగానే భయమేసేది.

అలాంటి ఒక చుట్టీలోనే దసరా వచ్చింది. మా ఇంట్లో ఆ రోజు నాగలి, గొడ్డలి, సైకిలు, కుట్టుమిషను అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టాలి. ఒక్కటి మరిచినా అమ్మ ఊరుకోదు. నేనూ స్నానం చేసి, పసుపు కలిపి, ఫ్రిజ్జుకు, గ్యాసుపొయ్యికి, నీళ్ల మోటారుకు, గేటుకు బొట్లు పెట్టాను. హాల్లోకి వచ్చేసరికి దొర నావైపే చూస్తున్నాడు. ఇంట్లో అందరికీ పెట్టి ఆయన్నొక్కణ్నే వదిలేయడానికి మనసొప్పలేదు. నుదుటి నిండా పసుపు రాసి నడుమ కుంకుమ దిద్దాను. ముఖానికి ఎంత కళొచ్చిందో!

మర్నాడు తుడిస్తే కుంకుమ పోయింది, పసుపు పోలేదు. సబ్బు పెట్టినా పోలేదు. పాలరాయి పసుపును తాగేసి కూర్చుంది. మస్కట్‌లోనే బౌషర్‌లో సైట్ పని చేసే మా బావకు ఫోన్ చేస్తే, శుక్రవారం వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

“గిదేం పనిరా బామ్మర్దీ! ఫ్రిజ్జుకు పెట్టినవ్, సరే. గీయనకెందుకు పెట్టినవ్?”

“పండుగపూట ఒక్కడే ఉన్నడు బావా.”

“ఆడు రాయిరా! సారొస్తే వీసా క్యాన్సిల్ గొట్టి తోల్తడు. ఊళ్లె ఏం జెప్తవ్? దొరకు బొట్టు పెడితే ఎల్లగొట్టిండని జెప్తవా?”

నిమ్మకాయ పెట్టి రుద్దమన్నాడు. రుద్దాను. పసుపు పోలేదు సరికదా, ఉన్న మెరుపు కూడా పోయింది. గత్యంతరం లేక నా ఎర్ర తువ్వాలు దొరకు తలపాగా చుట్టి నుదురు కప్పేశాను. మునుపటికన్నా ఇంకా దొరలా కనిపించాడు. నాకు మాత్రం అన్నం సహించలేదు. ఆ ఇంటి నుంచి పంపేస్తే ఏ ముఖం పెట్టుకుని ఊళ్లోకి వెళ్లాలి?

పెద్దసారు రానే వచ్చాడు. పెట్టె కింద పెట్టి తలపాగా వైపు చూశాడు. విప్పాడు. పసుపు నుదుటిని వేలితో తడిమి, “యే క్యా హై?” అన్నాడు.

“సార్, హమారా ఫెస్టివల్. ఘర్ మే సబ్ కో లగానా. యే భీ ఘర్ మే హై.” ఇంట్లో అందరికీ పెట్టాలి, ఈయనా ఇంట్లో ఉన్నాడు కదా అని నా హిందీ. “సారీ సార్. ఆప్ కా గ్రాండ్‌ఫాదర్...”

ఆయన తల అడ్డంగా ఊపాడు. “నో, నో. మేరా కోయీ నహీ.” తనకేమీ కాడట. ఏదో పాత సామాన్ల దుకాణంలో కనిపిస్తే కొన్నాడట. ఎందుకని అడగకుండానే, “ఘర్ బహుత్ ఖాలీ థా” అన్నాడు, నావైపు చూడకుండా. ఇల్లు మరీ ఖాళీగా ఉండేదట. రాయిని తోడు చేసుకున్నది నేనొక్కణ్నే అనుకున్నాను ఇన్నాళ్లూ.

వీసా మాట ఆయన ఎత్తనేలేదు. మరుసటి దసరాకు నేను పసుపు కలుపుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి, “లార్డ్ కో?” అని ఆయనే గుర్తు చేశాడు.

ఇప్పుడు ఊళ్లో నా సొంతింట్లో బండికి, ఫ్రిజ్జుకు, టీవీకి అన్నిటికీ బొట్లు పెట్టేసి, వేలికి పసుపుతో హాల్లో నిలబడతాను. “అన్నిటికీ పెట్టినవ్ గద, ఇంకేం దేవులాడుతున్నవ్?” అంటుంది మా ఆవిడ. చేతుల్లేని దొర కోసమని చెబితే నవ్వుతుందని, ముందు నేనే నవ్వుకుని చెయ్యి కడుక్కుంటాను.