అబద్ధమాడే తాళం

వీధిలో ఆమెను అందరూ తాళాలమ్మాయి అంటారు. చెంపల దగ్గర జుట్టు నెరిసినా ఆ పిలుపు మారలేదు. తాళాల మేస్త్రి కూతురు కనుక, ఆయన ఉన్నంతకాలం అమ్మాయే. బజార్లో ఒక మేడ మెట్ల కింద తలుపంత వెడల్పున దుకాణం. ఒక బల్ల, దానికి బిగించిన, తాళాన్ని కదలకుండా పట్టే వైస్, గోడ నిండా ఇంకా పళ్ళు కోయని తాళంచెవులు. ఆకురాయి కింద రాలిన ఇత్తడి పొడి గోళ్ళ సందుల్లో ఇరుక్కుని ఆమెతో పాటు ఇంటికి వస్తుంది, అన్నం కలిపేటప్పుడు మెరుస్తుంది.

పని నేర్పేటప్పుడు తండ్రి ఎక్కువ మాట్లాడేవాడు కాదు. తలుపు తెరవమని ఎవరైనా పిలిస్తే ముందు తట్టాలనేవాడు, లోపల ఎవరూ లేరని తెలిసినా సరే. గడియ జారిన చప్పుడు వినగానే పక్కకు తప్పుకుని మొహం తిప్పుకోవాలి. వాళ్ళ ఇల్లు వాళ్ళు చూసుకుంటారు, మనం చూడకూడదు. తీగ పెట్టి తాళం తెరవడం ఆమెకు ఎంతకీ చేతకాకపోతే వెనక నిలబడి అనేవాడు:

"తాళం అబద్ధమాడదే పిచ్చిమొహమా. అది చెప్తూనే ఉంటుంది. నీ వేళ్ళే వినడం లేదు."

మతిమరుపు మొదట అందరికీ వచ్చినట్టే వచ్చింది. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికాడు, అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. తర్వాత ఒకరోజు వచ్చినవాళ్ళందరికీ ఒకే తాళంచెవి కోసి పంపాడు. వాళ్ళు మర్నాడు ఒకరి వెనక ఒకరు దుకాణానికి తిరిగొచ్చారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. డాక్టరు మెదడు ఫొటో చూపించి ఇక తగ్గదన్నాడు, పెరుగుతుందన్నాడు. చూసి కోసే పని పోయింది. తాకి తెరిచే పని మాత్రం పోలేదు. మనసు మరిచినవన్నీ వేళ్ళు దాచుకున్నట్టున్నాయి.

ఆ తర్వాత ఆమెను "మీరు" అనడం మొదలుపెట్టాడు.

"మీది ఏ తాళమమ్మా?" అని అడిగేవాడు, ముద్ద నోటికి అందిస్తుంటే.

"నేను నాన్నా."

"సరేనమ్మా. కూర్చోండి. చూస్తాను."

పుట్టి బుద్ధెరిగాక తండ్రి నోట ఆమె ఎన్నో తిట్లు తింది. వాటిలో ఏ ఒక్కటీ ఆ "కూర్చోండి"లా తగల్లేదు.

ఆయన ఇల్లు వదిలి వెళ్ళడం దేశాలు పట్టిపోవడానికి కాదు, పనికి. ఎవరో తాళంచెవి పోగొట్టుకుని గడప బయట నిలబడ్డారని ఆయనకు గట్టిగా అనిపిస్తుంది. సంచిలో చెంచాలు, దువ్వెన, దొరికిందల్లా వేసుకుని బయల్దేరుతాడు. వీధిలోవాళ్ళు పట్టుకొచ్చి దింపేవాళ్ళు. ఒకరోజు మాత్రం పెద్ద రోడ్డు మీద, సంచి భుజాన వేసుకుని, సిటీ బస్సుకు ఎదురుగా నడిచాడు. బ్రేకు మీద నిలబడి బస్సు ఆపిన డ్రైవరు ఆయన అల్లుడే.

ఆ సాయంత్రం అల్లుడు చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

"నాకు కనబడ్డాడు కాబట్టి సరిపోయింది. వేరేవాడైతే? పోనీ, నేనే తొక్కేసుంటే? నీ మొహం ఎట్లా చూసేవాణ్ణి?"

"తాళం వేస్తానండీ."

"మామయ్యకు తాళమా? తాతకు దగ్గులు నేర్పుతావా?" నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "ఇదే ఆఖరుసారి. ఇంకోసారి బయటికొచ్చాడా, ముసలివాళ్ళ హోములో చేర్పించేద్దాం. నువ్వేడ్చినా సరే, నేనేడ్చినా సరే."

హోము ఆమె చూసింది. శుభ్రంగానే ఉంది. కిటికీ పక్కన ఒక ముసలావిడను మెత్తటి గుడ్డతో కుర్చీకి కట్టారు. పడిపోకుండానండీ, అంది అక్కడి ఆయా. ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో ఉన్నాయి, ఎవరో పెట్టి మరిచిపోయినట్టు.

తలుపుకు బయట గొళ్ళెం పెట్టి తాళంకప్ప వేసింది. ఆయన లోపలి నుంచి చెంచాతో బందుల స్క్రూలు విప్పి, తలుపును ఊడదీసి, గీత పడకుండా గోడకు ఆనించి, స్క్రూలన్నీ ఒక గిన్నెలో వేసి మరీ వెళ్ళాడు. వాళ్ళ వాటా కింది గదిలో ఇస్త్రీ చేసే ఆవిడ మెట్ల మీద పట్టుకుంది.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఏదో నా టైం బాగుండి నేను పట్టుకున్నా" అంది. అల్లుడికి మాత్రం చెప్పలేదు. మధ్యాహ్నం పెద్దాయనకు అన్నం పెట్టేది ఈవిడే. ఆయన చొక్కాలకు చిన్నప్పట్నుంచీ ఈవిడే గంజి పెట్టిందన్నంత చనువు.

తలుపు ముందు ఇనుప గ్రిల్లు పెట్టించింది. బందులు వెల్డింగు చేయించింది, విప్పడానికి స్క్రూ అన్నది లేకుండా. ఇక మిగిలింది తాళం. ఊచల సందులోంచి చెయ్యి బయటికి వస్తుంది. ఆయన పిన్నీసుతో ఒక తాళం తీశాడు. దువ్వెన పళ్ళతో ఇంకొకటి తీశాడు. విరిగిన గొడుగు పుల్ల దొరికాక ఖరీదైన తాళం కూడా టీ చల్లారేలోపు తీశాడు. తీసిన ప్రతిసారీ పక్కకు తప్పుకుని, మొహం గోడవైపు తిప్పుకుని నిలబడేవాడు, ఇంటివాళ్ళు లోపలికి వెళ్ళేదాకా. ఎవరూ వెళ్ళరు. అలా నిలబడినందువల్లే ఇస్త్రీ ఆవిడకు మెట్లెక్కి పట్టుకునే వ్యవధి దొరికేది. ఎల్లకాలం దొరకదు కదా.

కొనే తాళం ఏదీ ఆయన్ను ఆపదని ఆమెకు అర్థమైంది. తనే చేయాలి.

తాళం లోపల సన్నని ఇత్తడి రేకులుంటాయి, పనివాళ్ళు లివర్లంటారు. ఒక్కొక్క రేకూ తన ఎత్తుకు లేచినప్పుడు వేలికి చిన్న కదలిక తెలుస్తుంది. పట్టు వదిలినట్టు. అన్నీ వదిలితే గడియ జారుతుంది. తండ్రి వేళ్ళు వినేది ఆ కదలికనే. ఆమె ప్రతి రేకుకూ, గడియను జారనిచ్చే అసలు గాటుకు ముందు వెనకా దొంగ గాట్లు కోసింది. తీగతో లేపితే పట్టు వదిలినట్టే ఉంటుంది, వదలదు. వచ్చింది అనిపిస్తుంది, రాదు.

దుకాణానికి ఎవరూ రాని మధ్యాహ్నాలు కూర్చుని చేసింది. ఆకురాయి సన్నగా పాడేది. తన తీగతో తానే ప్రయత్నించి ఓడిపోయిన రోజు లోపల ఎక్కడో గర్వం కదిలింది. పుట్టి ఇన్నేళ్ళకు తనది అనదగ్గ పని ఒకటి చేసింది. మొదట నాన్నకు చూపించాలనిపించింది. ఆ తర్వాత, ఎవరి కోసం చేస్తున్నదో గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున గ్రిల్లుకు వేసి, ఒక తాళంచెవి ఇస్త్రీ ఆవిడకు ఇచ్చి పనికి వెళ్ళింది. రోజంతా ఫోను మోగలేదు. వేరొకరి బీరువా తాళం బాగు చేస్తూ, నిశ్చింత అంటే ఇలా ఉంటుంది కాబోలు అనుకుంది.

పొద్దు వాలుతుండగా ఇంటికి వస్తే ఇస్త్రీ ఆవిడ కిందే ఎదురైంది. కోపంగా ఉంది.

"ఏం తాళమమ్మా అది? పెద్దాయన అన్నం ముట్టలేదు. నేను తాళం తీసుకుని లోపలికెళ్తే నా మొహం కూడా చూళ్ళేదు. గ్రిల్లు దగ్గర్నుంచి లేస్తే ఒట్టు."

"బయటికి రాలేదు కదక్కా?"

"రాలేదు. రానందుకు సంతోషపడతావో ఏమో, పైకెళ్ళి చూడు."

ఆయన నేల మీద కూర్చుని ఉన్నాడు. చెయ్యి ఊచల్లోంచి బయటికి వచ్చి తాళం మీద ఉంది. గొడుగు పుల్ల వంగిపోయింది. మణికట్టు ఊచలకు రాసుకుని తోలు లేచింది, వేళ్ళ కొనలు ఎర్రగా ఉన్నాయి. లుంగీ తడిసి ఉంది.

"కొంచెం ఆగండమ్మా" అన్నాడు తలెత్తకుండా. "వచ్చేస్తోంది. వచ్చినట్టే వచ్చి పోతోంది."

"చాలు నాన్నా. వదిలెయ్."

"ఎట్లా వదిలేస్తామండీ? లోపల మా అమ్మాయి ఉండిపోయింది. తట్టాను, పలకడం లేదు. చిన్నది. చీకటి పడితే భయపడుతుంది."

ఆమె ఊచలకు ఇవతల, మెట్ల మీద నిలబడి ఉంది. నేనే, అనలేదు. అని లాభం లేదని ఆమెకు తెలుసు. తాళంచెవి తీసి పెట్టింది. గడియ జారింది. ఆ చప్పుడుకు ఆయన గోడ పట్టుకుని కష్టం మీద లేచి, పక్కకు తప్పుకుని, మొహం తిప్పుకున్నాడు.

ఆమె లోపలికి వెళ్ళి, చేతులకు మందు రాసి, లుంగీ మార్చింది. ఆయన కళ్ళు మాత్రం తాళం మీదే ఉన్నాయి.

"ఎవరు చేశారమ్మా అది?"

"ఎందుకు?"

"మంచి పనివాడే. చెయ్యి తిరిగినవాడు." తాళం వైపు వేలు చూపించాడు. "కానీ అబద్ధమాడుతోందమ్మా అది. తాళం అట్లా అబద్ధమాడకూడదు."

మర్నాడు ఆయన గ్రిల్లు దగ్గరికి వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. మంచం మీద గోడవైపు తిరిగి కూర్చునేవాడు. గొడుగు పుల్ల గుమ్మం దగ్గర పడి ఉంది, ఎవరూ తీయలేదు. ఆ వారంలోనే చొక్కా గుండీలు పెట్టుకోవడం మానేశాడు. చెంచా చేతికిస్తే చెంచా వైపు చూసేవాడు, ఆమె వైపు చూసేవాడు.

"పోన్లే, దారికొచ్చాడు" అన్నాడు అల్లుడు మెల్లగా. "హోము మాట ఇంక ఎత్తను. నువ్వే గెలిచావు."

"ఊఁ" అంది.

ఆదివారం ఆమె తన తాళం తీసేసింది. దాని చోట పిన్నీసుకు లొంగిన పాత తాళం వేసింది. పిన్నీసు ఒకటి కిటికీ గట్టు మీద కనబడేలా పెట్టింది. చెప్పులేసుకుని, వెళ్ళొస్తానని గట్టిగా చెప్పి, మెట్లు దిగి మలుపులో కూర్చుంది. ఇస్త్రీ ఆవిడ కింద నుంచి చూసి, ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు ఊదుకుంటూ ఉండిపోయింది. పైనుంచి చప్పుడు లేదు. మెట్ల మీది ఎండ జరిగి జరిగి గోడెక్కింది.

పైకి వెళ్ళి చూస్తే పిన్నీసు పెట్టినచోటే ఉంది. తాళం తీసి, మళ్ళీ నొక్కి మూసి, తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది. దాని మీద పిన్నీసు పెట్టింది. వేళ్ళు మూసింది.

"తెరువు నాన్నా. ఒక్కసారి."

వేళ్ళు కొంచెం కదిలాయి. ఆయన తాళాన్ని అటూ ఇటూ తిప్పి, జాగ్రత్తగా, పరాయి సొమ్ము తిరిగిచ్చేస్తున్నట్టు ఆమె చేతిలో పెట్టాడు.

"ఈ పని నాకు రాదమ్మా. మెట్ల కింద దుకాణం ఉంటుంది. అక్కడ అడగండి."

మర్నాడు పనికి వెళ్తూ ఆమె గ్రిల్లు దగ్గరగా వేసింది. తాళం వేయలేదు. ఇస్త్రీ ఆవిడ కేకేసింది:

"తాళం మర్చిపోయావమ్మాయీ."

"ఉండనీ అక్కా" అంది, దిగుతూనే.

మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది, పైన గ్రిల్లు కిర్రుమంటుందేమోనని. ఆ తర్వాత వెళ్ళి దుకాణం తెరిచింది.