కుడిపక్క ఎవరూ లేని కచేరీ

మా ఆయన గిరిబాబు ముప్ఫై అయిదేళ్లు ఫిడేలు వాయించి కిందటి భాద్రపదంలో పోయారు. తిరువూరులో సంతాపసభ పెట్టినవాళ్లు ఫ్లెక్సీ మీద 'ప్రముఖ గాత్ర విద్వాంసులు' అని వేయించారు. ఆయన స్నానాలగదిలో కూడా పాడి ఎరగరు. సభలో మాట్లాడిన నలుగురూ ఆయన్ని సరస్వతీపుత్రుడన్నారు. మా అత్తగారి పేరు వెంకాయమ్మ. కాబట్టి ఉన్నది ఉన్నట్టు నేనే రాస్తున్నాను.

వినగడపలో మా మామగారు దశరథరామయ్య గారికి పదకొండెకరాల పత్తి ఉండేది. కొడుకు ఇంటర్ తప్పి, విజయవాడ వెళ్లి ఫిడేలు నేర్చుకుంటానంటే ఆయన తిట్టలేదు, కొట్టలేదు. "పత్తికి మందు కొట్టే పని తప్పించుకోవడానికి ఇంత దూరం ఆలోచించాడంటే వీడికి బుర్ర ఉన్నట్టే" అన్నారట. ఆ తర్వాత కొడుకు కచేరీకి ఒక్కసారి వచ్చి, ముందు వరసలో కూర్చుని నిద్రపోయారు. బాగా పట్టిందని మాత్రం అందరికీ చెప్పారు.

మా ఆయన గురువుగారి దగ్గర ఏడేళ్లు ఉన్నారు. మొదటి రెండేళ్లు సరళీస్వరాలు, వర్ణాలు, గురువుగారింటికి కూరగాయలు మోయడం. తర్వాత అసలు చదువు మొదలైంది. ఫిడేలు నేర్చినవాళ్లలో చాలామందికి తిండి పెట్టేది సొంత కచేరీ కాదు, పాడేవాళ్ల పక్కన వాయించడం. దాన్ని పక్కవాద్యం అంటారు. అందులో రిహార్సల్ ఉండదు. పాడే ఆయన రాగంలో ఒక ముక్క పాడతాడు. రెప్పపాటు వెనకగా ఫిడేలు ఆ ముక్కనే పట్టుకోవాలి. ఆయన ఆగితే ఆ ఖాళీని నింపాలి, ఆయన మళ్లీ అందుకోగానే తగ్గాలి. పాడే ఆయన కుడిపక్కన ఉంటాడు కాబట్టి ఫిడేలు మనిషి మెడ జీవితాంతం అటే తిరిగి ఉంటుంది. "నీ వేళ్లు చూసుకోకురా, ఆయన గొంతు చూడు" అని గురువుగారు ఫిడేలు కమానుతో మోకాలి మీద కొట్టి మరీ నేర్పారు.

ఆ చదువు ఆయనకి ఎంత ఒంటబట్టిందంటే, ఇంట్లో కూడా ఏ పనీ తనంతట తాను మొదలుపెట్టేవారు కాదు. "ఇవాళ కాకరకాయ చేద్దామా?" అంటే "కాకరకాయ చేద్దాం" అనేవారు. "వద్దులెండి, దోసకాయ" అంటే "దోసకాయే మంచిది" అనేవారు. ఆయనతో పోట్లాట పెట్టుకోవాలంటే రెండు పక్కలా నేనే మాట్లాడుకోవాల్సి వచ్చేది.

ఇరవై ఏడేళ్లు ఆయన వాయించింది సుందరరావు గారి పక్కన. సుందరరావు గారు స్కూల్లో లెక్కల మేష్టారు, మా ఊళ్లో ఉన్న ఒకే ఒక్క గాయకుడు. అరవై తొమ్మిదో ఏట ఆయన పళ్లు కట్టించుకున్నారు. ఆ తర్వాత నెమలి గుళ్లో కచేరీకి కూర్చుంటే, 'స' పలికినప్పుడల్లా సన్నగా ఈల వచ్చింది. అది వేణుగోపాలస్వామి గుడి. మృదంగం ఇమ్మాన్యుయేల్ ఊరుకోకుండా, "స్వామివారే తోడు ఊదుతున్నారు, మీరు పాడండి మేష్టారూ" అన్నాడు. సుందరరావు గారు ఆ కచేరీ పూర్తి చేసి, ఇక పాడనన్నారు.

వారం రోజులు మా ఆయన ఫిడేలు పెట్టె తెరవలేదు. ఎనిమిదో రోజున నేను పప్పు తాలింపు వేస్తుంటే వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"ప్రమీలా, నా పేరు మీద ఒక్క కచేరీ అయినా చెయ్యాలనుంది. ఎవరి పక్కనా కాకుండా."

పెళ్లయిన ముప్ఫై ఏళ్లలో ఆయన ముందుగా అన్న మొదటి మాట అది. తాలింపు మాడిపోయింది.

ఎరువుల కొట్టు అంకారావు గారికి సంగీతం పిచ్చి. ఆయనే తిరువూరులో ఒక ఫంక్షన్ హాలు మాట్లాడి కచేరీ ఏర్పాటు చేశారు. ఫ్లెక్సీ మీద 'గిరిబాబు గారి ఫిడేలు సోలో' అని పెద్ద అక్షరాలు. అరవై మంది దాకా వచ్చారు. ఆయన కల్యాణి రాగం ఎత్తుకున్నారు. ఎంత బాగా ఎత్తుకున్నారంటే పక్కింటి మహబూబీ నా చెయ్యి నొక్కింది. ఒక ముక్క వాయించి, కమాను ఆపి, కుడిపక్కకు చూశారు.

కుడిపక్కన మంచినీళ్ల సీసా ఉంది.

సీసా ఏమీ పాడలేదు. ఆయన ఇంకో ముక్క వాయించి మళ్లీ ఆగారు, మళ్లీ చూశారు. కీర్తనలోకి వచ్చాక ఇంకా ఘోరం. ఒక వరస వాయించి, తర్వాతి వరస ఎవరైనా అందుకుంటారని ఎదురుచూపు. ఇమ్మాన్యుయేల్ ఆ ఖాళీల్లో చేతనైనంత మోత మోగించాడు.

"గిరిబాబు గారూ, అటు ఎవరూ లేరు. కానివ్వండి" అన్నాడు. అది మైకులో అందరికీ వినబడింది.

"తెలుసయ్యా, తెలుసు" అన్నారు ఆయన. అదీ వినబడింది.

కచేరీ అయ్యాక అంకారావు గారు మైకు మనిషిని పట్టుకుని దులిపేస్తున్నారు. "మాటిమాటికీ సౌండు ఆగిపోతే ఎట్టాగయ్యా! అంత పెద్ద మనిషి కచేరీ చెడగొట్టావు." మైకు మనిషి తన వైర్లన్నీ చూపించి ఒట్లు పెడుతున్నాడు. మా ఆయన వెళ్లి, "ఆయన తప్పు లేదండి, ఆగింది నేను" అని చెప్పి బయటికి వచ్చేశారు. ఇంటికి వచ్చేదాకా నేను ఏమీ అనకపోయేసరికి ఆయనకి అనుసరించడానికి కూడా ఏమీ దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే చాప పరిచి, "ప్రమీలా, కాసేపు ఇక్కడ కూర్చో" అన్నారు. తన కుడిపక్కన, కచేరీల్లో సుందరరావు గారు కూర్చునే చోటు అది.

"నాకు పాడటం రాదు కదండీ."

"పాడొద్దు. నేను చూసినప్పుడు ఊ అను, చాలు."

బెండకాయలు తరుగుతూ కూర్చున్నాను. ఆయన ఒక ముక్క వాయించి నా వంక చూస్తే తల ఊపాను. ఆయన ముందుకు వెళ్లారు. ఒక్కోసారి కాయ పుచ్చిందేమోనని చూసుకుంటూ ఊపడం మరిచిపోతే, నేను ఊపేదాకా కమాను గాల్లోనే ఉండేది. రెండు వారాలకు ఆయన తోడి రాగం మొత్తం నా బెండకాయల ఆమోదంతో వాయించారు.

అక్కణ్ణించి నన్ను జరపడం మొదలుపెట్టారు. ముందు రెండు బారలు అవతలికి. తర్వాత గుమ్మంలోకి. గుమ్మం దగ్గర పదిహేను రోజులు పట్టింది. నేను తలుపు వెనక్కి వెళ్లగానే ఫిడేలు ఆగేది, "ఉన్నావా?" అని కేక వినబడేది. తర్వాత వంటిల్లు. తర్వాత పెరడు. ఆరో నెలలో నన్ను మహబూబీ ఇంటికి పంపారు. వాళ్ల వరండాలో కూర్చుంటే మా ఇంటి ఫిడేలు వినబడేది.

"ఏంటి వదినా, ఇవాళా తోలేశాడా అన్న?" అనేది మహబూబీ టీ ఇస్తూ. "లోకంలో మొగుళ్లు తాగి తోలేస్తారు. నీ మొగుడు కల్యాణి రాగం కోసం తోలేశాడు."

"నవ్వకు. ఆగిందా?"

"ఆగలేదు. నువ్వు టీ తాగు."

ఆగేది. ఎనిమిదో నెలలో కూడా ఆగేది. అయితే ఖాళీ ఒక గుక్క టీ అంత ఉండేదల్లా చివరికి వచ్చేసరికి చప్పరింపంత అయింది. ఇమ్మాన్యుయేల్ వారానికి రెండుసార్లు వచ్చి మృదంగం వాయించి వెళ్లేవాడు. "అమ్మా, నన్ను కూడా పెరట్లోకి పంపిస్తారేమో చూసుకోండి" అనేవాడు.

ఏడాది తిరిగాక గంపలగూడెంలో ఒక కచేరీకి పిలిచారు. వానాకాలం, ఊరంతా వరినాట్ల మీద ఉంది. జనం రారని ముందే తెలుసు. నేను ఇస్త్రీ చీర తీశాను. ఆయన చూసి, ఫిడేలు పెట్టెకి జిప్పు వేస్తూ నెమ్మదిగా అన్నారు.

"నువ్వు రాకు ప్రమీలా."

"మొదటి వరసలో కూర్చుంటాను. మిమ్మల్ని చూడను."

"వద్దు. నువ్వు ఉన్నావని తెలిస్తే వెతుక్కుంటాను."

ఇమ్మాన్యుయేల్ మోటారుసైకిలు వెనక మృదంగానికీ ఫిడేలుకీ మధ్య ఇరుక్కుని వెళ్లారు. చీర మడిచి లోపల పెట్టాను. టీవీ పెట్టుకున్నాను. ఏం చూశానో తెలియదు. మధ్యమధ్యలో నాకు తెలియకుండానే తల ఊపుతున్నానని మహబూబీ వచ్చి చెప్పింది.

తిరిగి వచ్చేసరికి ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. ఇమ్మాన్యుయేల్ మృదంగానికి కప్పిన రెయిన్‌కోటు తీస్తూ, "అమ్మా, ఇవాళ నేనే ఆపమని బతిమాలాల్సి వచ్చింది. నా వేళ్లు పడిపోయాయి" అన్నాడు. మా ఆయన తువ్వాలుతో ముందు ఫిడేలు పెట్టె తుడిచారు, తర్వాత తల.

"ఎంతమంది వచ్చారు?" అన్నాను.

"పదకొండు మంది. అందులో ఇద్దరు మైకువాళ్లు."

"కుడిపక్కకు చూశారా?"

ఆయన కాసేపు నిజంగానే ఆలోచించారు.

"లేదు."

"నేను లేనని ఎక్కడైనా అనిపించిందా?"

"నువ్వసలు గుర్తుకే రాలేదు" అన్నారు. మొహం వెలిగిపోతోంది. జన్మలో అంత గర్వంగా ఏ మాటా అని ఉండరు.

ఆ మాటకి రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ ఏ కూర చెయ్యాలో ఆయనే చెప్పారు.