రెండు జడల శాసనం

కాంతారావు గారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎవరు ఏ పని చేయమన్నా, "ఏ అధికారంతో?" అని అడుగుతారు.

ఆయన కాలవ లాకుల దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. గుడివాడ బస్సులో కండక్టరు "కాస్త ముందుకు జరగండి" అన్నా అదే ప్రశ్న. తొంభై ఒకటిలో జనాభా లెక్కలకు వెళ్ళిన నన్ను అరగంట గుమ్మంలోనే నిలబెట్టారు.

"మా వంటింట్లో పొయ్యి ఏదైతే ప్రభుత్వానికెందుకండీ?"

చట్టం వివరించి చెప్పాక కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, అన్ని ప్రశ్నలకూ జవాబు చెప్పారు.

"చెప్పేవారే అయితే ఈ అరగంట ఎందుకండీ?" అన్నాను.

"అడగడం నా హక్కు, చెప్పడం నా బాధ్యత. వరస తప్పకూడదు కదండీ! ప్రభుత్వం లాకు లాంటిది, టీచరు గారూ. నీళ్ళు అందరికీ సమంగా వదలాలి. ఎవరి చేలో ఏ పంట వేయాలో లాకు చెప్పకూడదు."

తొంభై ఎనిమిదిలో, దసరా సెలవులు ముగిశాక, ఆ లాకు సిద్ధాంతం నా మీదికే వచ్చింది. అప్పటికి నేను నందివాడ దారిలోని బాలికల ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలిని. ఆయన మనవరాలు తనూజ మా బడిలోనే పదో తరగతి చదువుతోంది.

"ఆడపిల్లలు రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టుకుని రావాలని ఏ చట్టంలో ఉందండీ?"

"అది క్రమశిక్షణండీ."

"పాఠం చెప్పడం బడి పని. తల దువ్వడం ఇంట్లో వాళ్ళ పని. ఆర్డరు కాగితం చూపించండి."

ప్రతి సోమవారమూ ఒక అర్జీ. వాటిలో ఒక్క అక్షరదోషమైనా దొరుకుతుందేమోనని ఎర్ర కలంతో వెతికేదాన్ని. దొరకలేదు. అందుకు మరింత ఒళ్ళు మండేది.

పైగా నాకు అప్పుడు వేరే బెంగ ఉంది. లెక్కల్లో మొదటి మార్కు తెచ్చుకునే కృపాకుమారి సెలవుల తరువాత బడికి రావడమే మానేసింది. హాజరు చాలకపోతే పబ్లిక్ పరీక్షకు పంపలేము. వాళ్ళ నాన్న సీమోనుకు రెండుసార్లు కబురు పంపినా జవాబు లేదు. ఇంత చిక్కులో ఉంటే ఈయన గారికి జడలు కావలసివచ్చాయి!

ఏడో అర్జీ అందిన రోజున, ఆ ఆర్డరేదో ఆయన ముఖాన పెట్టి నోరు మూయించాలని బీరువాలోని ఫైళ్ళన్నీ దింపించాను. సాయంత్రానికి గుమాస్తా ప్రభావతి దుమ్ము దులుపుకుంటూ లేచింది.

"ప్రభుత్వం ఆర్డరేమీ లేదండీ."

"మరి ఈ నియమం ఎవరు పెట్టారమ్మా?"

"మీరేనండీ. తొంభై మూడులో, ఇక్కడికి ప్రధానోపాధ్యాయురాలిగా వచ్చిన కొత్తలో."

నేను మరునాడే నియమం రద్దు చేస్తూ సర్క్యులరు రాసి అన్ని తరగతులకూ పంపాను.

సోమవారం ఉదయం తలకు స్కార్ఫు కట్టుకున్న ఒక పిల్ల గేటు లోపలికి వచ్చింది. కృపాకుమారి! టైఫాయిడ్ వచ్చి జుట్టంతా ఊడిపోయిందట. సెలవుల తరువాత మొదటి రోజునే డ్రిల్లు టీచరు గేటు దగ్గర ఆపి, "రిబ్బన్లు లేకుండా రావద్దు" అన్నదట. ఆ పిల్ల నోరు విప్పకుండా ఇంటికి వెళ్ళిపోయింది. నియమం పోయిందని తనూజ వెళ్ళి చెబితే ఇప్పుడు వచ్చింది. నేను మాత్రం ఇన్నాళ్ళూ ఆమె పేరుకు ఎదురుగా శ్రద్ధగా గైర్హాజరు వేయిస్తూ వచ్చాను. డాక్టరు చేత సెలవు చీటీ రాయించుకుంటే, ఇకనుంచి ఒక్క రోజూ మానకుండా బడికి వస్తే, హాజరు ఇంకా సరిపోతుంది.

గేటు బయట సైకిలు పట్టుకుని కాంతారావు గారు నిలబడి ఉన్నారు.

"మనవరాలి ద్వారా ముందే సంగతి తెలిసీ నాతో ఒక్క మాట చెప్పలేదేమండీ?"

"చెబితే జాలిపడి ఆ పిల్ల ఒక్కదానికి మినహాయింపు ఇచ్చేవారు. దయ అయితే ఆ పిల్ల రోజూ మీ ముఖం చూసి లోపలికి రావాలి. హక్కు అయితే తలెత్తుకుని వస్తుంది."

ఇంతలో సైకిలు క్యారియరు మీదినుంచి తనూజ దిగింది. నున్నగా దువ్విన రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు.

"ఏడు అర్జీలు పెట్టి, మీ మనవరాలికే రెండు జడలా?"

కాంతారావు గారు సైకిలు ఎక్కుతూ తల తిప్పారు.

"అది దాని ఇష్టం. మీరు ఏ అధికారంతో అడుగుతున్నారండీ?"