పోకముందే తిరిగొచ్చిన జనం

ఆ రోజుల్లో నాకు మాట్లాడటానికి మనుషులు లేరు. ఈ మాట ఇప్పుడు చెబితే మా ఇంట్లో ఎవరూ నమ్మరు (నా నోరు మూయించడమే ఇప్పుడు వాళ్లకు పెద్ద పని). కానీ వనపర్తిలో డీటీపీ ఆపరేటర్‌గా చేరిన కొత్తలో, పొద్దున టిఫిన్ బండి దగ్గర "ఇడ్లీ", మధ్యాహ్నం మెస్సులో "ఇంకొంచెం పులుసు", ఇంతే నా సంభాషణ. అచ్చంపేటలో ఇంటినిండా జనం మధ్య పెరిగినవాణ్ణి, ఇక్కడ బస్టాండు వెనక గదిలో ఒక్కణ్ణే గోడలు చూస్తూ పడుకునేవాణ్ణి. రోజంతా పెళ్లి కార్డులు కొడుతూ, నన్నెవరూ పిలవని పెళ్లిళ్లకు అందరినీ "సకుటుంబ సపరివారంగా" రమ్మనేవాణ్ణి. షాపు యజమానిని అందరూ సేటు అనేవాళ్లు. ఆయన పొద్దున్నే తాళం తీసి, షాపు నాకప్పగించి ప్లాట్ల బేరాలకు పోయేవాడు. వచ్చిన పనిని కాదనడం మాత్రం ఆయన ఒంట్లో లేదు.

ఆయన షాపులో ఉన్న ఒకానొక అరుదైన మధ్యాహ్నం కోడేరు వైపు నుంచి ఒక పాస్టరయ్య వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చంకలో గుడ్డసంచి. పోస్టు ద్వారా చదువుతున్న దైవశాస్త్రానికి చివరి వ్యాసం టైపు చేయించాలన్నాడు. వ్యాసమంతా ఇంగ్లీషు, మధ్యమధ్యలో హీబ్రూ వాక్యాలు.

"హీబ్రూ అయితదా సేటూ?"

"మా పిలగాడు ఏ భాషైన కొడ్తడు," అన్నాడు సేటు, బండి తాళం తీసుకుంటూ. అట్లాంటి భాష ఒకటుందని నాకు తెలిసింది అప్పుడే.

సేటు పోయాక పాస్టరయ్య నా పక్కన స్టూలు వేసుకుని మెల్లగా అసలు సంగతి చెప్పాడు. ఇంతకుముందు ఇంకోచోట టైపు చేయించి పంపితే హీబ్రూ ఉన్నచోటల్లా ఖాళీ డబ్బాలు వచ్చాయట, కాలేజీవాళ్లు వెనక్కి పంపారట. "ఈసారి గూడ తప్పుపోతే పేరు కొట్టేస్తరంట బిడ్డా. మళ్ల మొదటికెల్లి చదవాలె. గంత ఓపిక నాకు లేదు." ఇంత కష్టమైన భాష ఎందుకు నేర్చుకున్నారయ్యా అని అడిగాను. "ఏం జెయ్యాలె? మా ఊర్ల సగం మంది పుణె పనులకు పోయిండ్రు. మా ఆమె గూడ పోయింది, కూలోళ్లకు వంట జేస్తది. ఆదివారం మందిరంల నేను, ఇద్దరు ముసలోళ్లు, గోడ మీద బల్లి. వాక్యం ఎవరికి జెప్పాలె? సప్పుడు జేయక కూసొని హీబ్రూ నేర్చుకున్న." నాకు నవ్వొచ్చింది, వెంటనే బస్టాండు వెనక నా గది గుర్తొచ్చింది.

ఆయన వ్యాసం కూడా అదే: పరాయి దేశానికి పోయి, ఏళ్లకేళ్లు అక్కడ బతికి తిరిగొచ్చిన జనం గురించి. పెన్‌డ్రైవ్‌లో ఒక పాత ఫాంటు తెచ్చాడు. అందులో అక్షరాలు హీబ్రూవే గాని, నడక మాత్రం ఇంగ్లీషుది, ఎడమ నుంచి కుడికి. హీబ్రూ చూస్తే కుడి నుంచి ఎడమకు చదవాలి. మా డీటీపీవాళ్లకు ఒకటే మతం: కంటికి సరిగ్గా కనబడితే సరైనట్టే. తెలుగు పాత ఫాంట్లలో తలకట్టు ఒకచోట, ఒత్తు ఇంకోచోట అతికించి అక్షరాన్ని నిలబెట్టిన చేతులివి. అందుకని ప్రతి హీబ్రూ వాక్యాన్నీ చివరి అక్షరం నుంచి మొదటి అక్షరం దాకా వెనక్కి వెనక్కి కొట్టాను. పాస్టరయ్య రోజూ వచ్చి తెర మీద వేలుపెట్టి కుడి నుంచి చదివి, "శభాష్ బిడ్డా" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం నేను పొద్దున్నే తలస్నానం చేసి, పౌడరు కూడా రాసుకుని వచ్చేవాణ్ణి.

అంతా అయ్యాక సేటు ఒక్క సలహా ఇచ్చాడు. "బైండింగుకు ఎడమపక్క జర జాగ ఇడువు." మార్జిన్ పెంచాను, ప్రింటు తీశాను. పాస్టరయ్య చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయాడు. వరుస పొట్టిదయ్యేసరికి, కుడిచివర ఉన్న మాటలు కింది వరుసకు దిగిపోయాయి. ఆ కుడిచివర మాటలే వాక్యానికి మొదలు! అంటే వాక్యం తోక పైకెక్కి, తల కిందికి దిగింది. ప్రతి పేజీలో ఇదే కథ.

"గిదేంది బిడ్డా," అన్నాడాయన, "తిరిగొచ్చిండ్రని పైన ఉంది, పోయిండ్రని కింద ఉంది."

ఆయన కోప్పడతాడనుకున్నాను. ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి ఆ రెండు వరుసలూ మళ్లీ చదివాడు. "పోకముందే తిరిగొచ్చిండ్రు," అని చిన్నగా నవ్వాడు. "గిట్లయితే ఎంత మంచిగుండు."

గడువు దగ్గర పడింది. ఫోన్లో వీడియోలు చూడగా చూడగా తెలిసిందేమిటంటే, హీబ్రూ మా కంప్యూటర్ సెట్టింగుల్లోనే ఉందని, దాన్ని పిలిస్తే తన దారిన తానే కుడి నుంచి నడుస్తుందని. పిలిచాను. ఏ మీటలో ఏ అక్షరముందో తెలియక, పాస్టరయ్య చిన్న చిన్న కాగితం ముక్కల మీద అక్షరాలు రాసి కీబోర్డుకు అతికించాడు (సేటు చూసి, "గిదేంది, బోర్డుకు తావీజులు గట్టిండ్రా?" అన్నాడు). మీట నొక్కితే కర్సరు ఎద్దు వెనక్కి నడిచినట్టు ఎడమకు పోయేది. చుక్క పెడితే అది దూకి వాక్యం మొదట్లో కూర్చునేది. పేరా దిశ మార్చే బటన్ ఒకటి దొరికాక గాని అది దారికి రాలేదు. ఆయన మొదటి నుంచి పైకి చదవడం, నేను ఆయన గొంతు వెంట కొట్టడం. అర్థం తెలియని ఆ మాటలు వింటుంటే ఎవరో మా ఇంటివాళ్లు పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉండేది.

చివరి రోజు మధ్యాహ్నానికే పని అయిపోయింది. మార్జిన్ పెంచాను, తగ్గించాను, ఒక్క వాక్యమూ చెదరలేదు. సాయంత్రం కొరియర్‌కు ఇవ్వడమే తరువాయి. పాస్టరయ్య స్టూలు మీంచి లేవలేదు.

"జర మళ్లొకసారి చూడరాదు బిడ్డా. ఏమన్న తప్పులుండొచ్చు."

"ఉండొచ్చయ్యా, చూద్దాం," అన్నాను. తప్పులు లేవని నాకు బాగా తెలుసు. ఆయనకూ తెలుసు. అయినా మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టాం, హీబ్రూను ఆయన కుడి నుంచి, ఇంగ్లీషును నేను ఎడమ నుంచి. కొరియర్ షాపువాడు షట్టరు సగం దించేదాకా వెతికి, ఇద్దరం పరుగెత్తాం.

ఆయన పాసయ్యాడు. ఆ సంగతి పుణెలో వాళ్లామె దగ్గరికి పోయి, అక్కణ్ణుంచి ఫోన్లో చెప్పాడు, పక్కన ఆడవాళ్ల మాటలు, గిన్నెల చప్పుడు వినిపించాయి. తర్వాత నేను గద్వాల వచ్చేశాను, ఇప్పుడు నాకూ ఒక షాపుంది, మాట్లాడేవాళ్లకు కొదవ లేదు. కస్టమర్లు ఒక్క తప్పు కనబడితే చాలు నా మీద విరుచుకుపడతారు. అప్పుడు ఆ వనపర్తి కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. పేజీలన్నీ గాలించి, ఒక్క తప్పూ దొరకలేదని దిగులుపడిన డీటీపీ ఆపరేటర్ వాడొక్కడే అయ్యుంటాడు.