నస దక్కింది

నా చెవి ఆపరేషన్ అయి చాలా కాలమైంది. డాక్టరమ్మ గదిలో మా ఆవిడ నవ్విన నవ్వును మాత్రం నేను మరిచిపోలేదు. మరవను కూడా.

చిన్నప్పటి నుంచి చీము కారే చెవి అది. లోపల పేరుకున్న చర్మపు గడ్డ ఎముకను తినేస్తోందని, కోయక తప్పదని పోర్ట్‌బ్లెయిర్‌లో డాక్టరమ్మ తేల్చింది. స్కాన్ ఫిల్మ్‌ను వెలుతురుకు పట్టి, పెన్ను మూతతో చూపించింది. ముఖాన్ని కదిలించే నరం మెదడు దగ్గర బయలుదేరి, వినికిడి నరంతో కలిసి పుర్రె ఎముకలోకి దూరుతుందట. అక్కడ దాన్ని వదిలి, సన్నటి ఎముక గొట్టంలో ఒంటరిగా వెళ్లి, చప్పున వెనక్కి మలుపు తిరిగి, చెవి వెనకగా కిందికి దిగుతుందట. నా చెవిలో ఆ గొట్టం గోడ ఒకచోట అరిగిపోయింది. నరానికి దెబ్బ తగిలితే ముఖం ఒకవైపు జారిపోవచ్చు.

ఆమెకు తెలుగు రాదు. "భయ్యా కీ నస్ బచానీ హై, దీదీ. వహీ ముష్కిల్ హై" అంది మా ఆవిడతో. నా నరాన్ని కాపాడాలి, అదే కష్టమని.

హిందీలో నస్ అంటే నరమని ఆ ఊళ్లోనే, హిందీ నడిచే డాలీగంజ్‌లో పుట్టి పెరిగిన మా ఆవిడకు తెలియదా? అయినా పకాలున నవ్వింది. ఇంట్లో నా ఫిర్యాదులకు ఆమె పెట్టిన పేరు నస.

"నస కాపాడతారంటండీ! అది పోవాలనే కదా పెళ్లయిన కాడ్నించీ ప్రార్థన చేస్తన్నాను!"

చాతంలో ఇంటికెళ్లే ఫెర్రీ ఎక్కి, అలిగి సముద్రం వైపు తిరిగి కూర్చున్నాను. ఆమె లేచి నా బాగున్న చెవి పక్కకు వచ్చింది. బాంబూఫ్లాట్ రేవు దాకా నా ముఖాన్నే చూస్తూ ఉంది. చేపలు కొనేటప్పుడు కూడా అంత పరీక్షగా చూడదు.

ఆపరేషన్ తర్వాత మెలకువ వచ్చేసరికి తలకు కట్టు ఉంది. డాక్టరమ్మ వంగి, "దాంత్ దిఖాయియే, భయ్యా" అంది.

పళ్లు చూపించాలట. నాకు ఆ నవ్వే గుర్తొచ్చింది. పెదవులు బిగించాను.

"ఒక్కసారి నవ్వండీ." మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని బతిమాలింది. నేను కదల్లేదు.

"ఈయన ఐసే నహీ హసేంగే, మేడమ్" అని, ఇలా అడిగితే నేను నవ్వనని డాక్టరమ్మకు చెప్పి, నా చెవి దగ్గరికి వంగింది. "మా అన్నయ్య పెళ్లిలో మీకు మాంసం ముక్క పడలేదంటే తప్పెవరిదండీ? మీరే కదా ఆలస్యంగా వొచ్చారు."

"ఎవరు? నేనా?"

నా నుదురు ముడుచుకుంది.

"దోనో తరఫ్!" నుదురు రెండు వైపులా ముడుచుకుందని డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. "నస్ బచ్ గయీ, దీదీ!"

"దక్కిందండీ, నస మొత్తం దక్కింది" అంటూ మా ఆవిడ నవ్వుతూనే నా చేతి మీద తల వాల్చి ఏడ్చేసింది. చెయ్యి తిమ్మిరెక్కినా తీసుకోలేదు.

అయినా ఆ పెళ్లికి నేను ఆలస్యంగా వెళ్లలేదు. కుర్చీలు వేసిందే నేను.