మూడో ఫొటోలో ఆదెయ్య

ఖాదర్ వలి బోర్డులు రాయడం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్లయింది. గుంటూరు బ్రాడీపేటలో పళ్ల డాక్టర్ల దగ్గర్నుంచి టైపు ఇన్‌స్టిట్యూట్ల దాకా సగం పేర్లు ఆయన చేతి రాతే. 2005 ఎండాకాలానికి ఆ పేర్లు ఒక్కొక్కటే కిందికి దిగి, వాటి స్థానంలో ఫ్లెక్సీలు ఎక్కడం మొదలైంది. ఎదురు వరసలో ఫ్లెక్సీ దుకాణం పెట్టింది ఆయన బావమరిది రంజానే.

"భాయ్, నా దగ్గరకు వచ్చినవాడు పది నిముషాల్లో తన బోర్డు కంప్యూటర్లో చూసుకుంటాడు. నీ దగ్గర పదిహేను రోజులు ఆగి చూడాలి. ఎవడాగుతాడు?" అన్నాడు రంజాన్. జూన్ ఒకటో తారీకు నుంచి తన దగ్గరకు వచ్చేయమన్నాడు. ఫ్లెక్సీలు చట్రానికి బిగించే పని ఇస్తానన్నాడు.

ఆ రాత్రి ఖాదర్ వలి అన్నం సగంలో లేచాడు. భార్య నసీమున్నీసా ఆలోచించి, "వాళ్లు ముందే చూపిస్తే మీరూ చూపించండి. పని ఎంతవరకు వచ్చిందో ఎప్పటికప్పుడు ఫొటో తీసి పంపండి," అంది. ఇంట్లో పాత కెమెరా ఒకటి ఉంది. చేతిలో ఆర్డరు కూడా ఒకటే ఉంది. దాచేపల్లిలో కోటేష్ అనే రైతు పురుగుమందుల కొట్టు తెరుస్తున్నాడు. తండ్రి ఆదెయ్య పేరు పెట్టి, తండ్రి బొమ్మ వేయించి, పత్తి విత్తనాలు వేసేలోగా బోర్డు కావాలన్నాడు. ఈ బోర్డు నచ్చితే దుకాణం ఉంటుంది, నచ్చకపోతే జూన్ ఒకటి. భార్యాభర్తలు అలా అనుకున్నారు.

మొదటి ఫొటో రేకుకు నీలం రంగు వేశాక తీశాడు. కవరులో పెట్టి మాచర్ల బస్సు కండక్టరుకు ఇస్తే, అతను దాచేపల్లి బస్టాండులో టీకొట్టు దగ్గర ఇచ్చాడు. మర్నాడు అదే బస్సులో ఫొటో తిరిగొచ్చింది. వెనక కోటేష్ రాశాడు: "రంగు బాగుంది. మా నాన్న ఎక్కడ?"

రెండో ఫొటోలో అక్షరాల గీతలు, ముఖం గీతలు ఉన్నాయి. వెనక రెండు చేతిరాతలు వచ్చాయి. ఒకటి కోటేష్‌ది: "పురుగుమందుల కంటే నాన్న చిన్నగా ఉన్నాడు." ఇంకొకటి టీకొట్టువాడిది: "కొట్టు ఏ సందులోనో కూడా రాయండి."

ఖాదర్ వలి ముఖం పెద్దది చేశాడు. కోటేష్ ఇచ్చింది పొలం పాసుపుస్తకం మీది ఫొటో. ఇరవై ఏళ్ల నాటిది, బొటనవేలంత ఉంటుంది. దాన్ని మూడడుగుల ముఖంగా పెంచడానికి ఆయన ముందుగా రెండు కనుబొమల మధ్య ఎర్రచుక్క పెట్టుకుంటాడు. కొలతలన్నీ ఆ చుక్క నుంచే. కళ్లు మాత్రం బోర్డు దుకాణం దాటే రోజున వేస్తాడు. పని నేర్పిన లక్ష్మీనరసింహంగారు అలాగే చెప్పారు. "ముందే కళ్లు పెడితే బోర్డులో మనిషి నీ పని చూస్తూ కూర్చుంటాడ్రా. చెయ్యి సాగదు."

మూడో ఫొటో తీసిన రోజు కుంచెలు తుడిచిన పసుపు, నారింజ రంగు గుడ్డపేలికలు ఒక దారానికి కట్టి, ఆ దారం బోర్డు పైనున్న రెండు మేకులకు ఆరేసి ఉంది. మధ్యలో కిందికి వేలాడి సరిగ్గా ఆదెయ్య మెడ చుట్టూ వచ్చింది. ఖాదర్ వలి కంటికి అవి గుడ్డపేలికలే. రోజూ అక్కడే ఉంటాయి.

ఆ ఫొటో బస్సెక్కించిన మర్నాడు సాయంత్రం పక్కనున్న మందుల షాపుకి ఫోనొచ్చింది.

"వలిగారూ, మా నాన్నకి దండేశారేంటండీ?" కోటేష్ గొంతు బొంగురుగా ఉంది.

"దండేంటండీ?"

"బంతిపూల దండ. మొహాన బొట్టు. కళ్లు లేవు."

"కళ్లు చివర్లో పెడతామండి."

"ఆయన బతికే ఉన్నాడండీ!"

"తెలుసండి. మీరేగా చెప్పారు."

"నాకు తెలుసు, మీకు తెలుసు. ఊరికి తెలీదు. నిన్న మధ్యాహ్నం నుంచీ జనం వస్తానే ఉన్నారు."

కవరు టీకొట్టు దగ్గరే తెరిచారు. మొదటి రెండూ అలాగే తెరిచారు గనక ఎవరికీ తప్పనిపించలేదు. ఫొటో చూసి ఎవరూ ఏమీ అడగలేదు, అడగాల్సిందేముంది? సాయంత్రానికి ఆదెయ్య ఇంటి ముందు పాతికమంది చేరారు. ఆదెయ్య వసారాలో నులకమంచం మీద కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు. నల్లపాడు నుంచి వచ్చిన వియ్యంకుడు ఆయన్ని చూసి గుమ్మంలో ఆగాడు. "ఎట్లాగూ బస్సెక్కి వచ్చాం గదా," అని కూర్చున్నాడు. సందు మొదట్లోనే ఏడుపు ఎత్తుకున్న ఒకావిడ మంచం దాకా వచ్చాక కూడా ఆపలేకపోయింది. ఆదెయ్య భార్య సుబ్బరావమ్మ అందరికీ టీలు పెట్టింది.

"నాన్న రాత్రి పడుకోలేదండీ," అన్నాడు కోటేష్. "తను పోయాడని తెలిసి కూడా మా మేనమామ రాలేదని. రేపు తనే వస్తానంటున్నాడు మీ దగ్గరికి. వలిగారూ, ఏమనుకోకండి. నేను ఫ్లెక్సీకి పోతాను. వాళ్లు కళ్లతో సహా ముందే చూపిస్తారంట."

"రేపటిదాకా ఆగండి," అన్నాడు ఖాదర్ వలి.

తెల్లారి మొదటి బస్సుకే ఆదెయ్య దిగాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. పంచె, భుజాన తువ్వాలు, చొక్కా జేబులో మూడో ఫొటో.

"వలీ అంటే నువ్వేనా?"

"నేనేనండి."

"నన్ను చంపింది నువ్వేగా."

"కూర్చోండి, ఆదెయ్యగారూ. మంచినీళ్లు తాగండి."

ఆదెయ్య కూర్చోలేదు. బోర్డు దగ్గరికి పోయి పేలికలు పట్టుకుని చూశాడు. చేతికి నారింజ రంగు అంటుకుంది. తువ్వాలుకు తుడుచుకుని, "ఇదా దండ?" అన్నాడు.

ఈలోపు రంజాన్ వచ్చాడు. "తాతా, ఇటు రా. నా దగ్గర నిముషంలో చూసుకోవచ్చు," అని రోడ్డు దాటించి తీసుకుపోయాడు. ఖాదర్ వలి తన గుమ్మంలోనే నిలబడ్డాడు. అవతల రంజాన్ ఆదెయ్య జేబులోని ఫొటో వద్దని, ఖాదర్ వలి బోర్డు దగ్గర్నుంచి తెచ్చిన పాసుపుస్తకం బొమ్మను కంప్యూటర్లోకి ఎక్కించాడు. బోర్డు వెడల్పుకు సరిపోవాలని అటూ ఇటూ లాగాడు. బుగ్గలు సాగాయి, ముక్కు పరుచుకుంది. ఆదెయ్య దగ్గరికి వంగి చూశాడు.

"ఇది మా బావమరిది."

"నువ్వే తాతా."

"వాడే. నేను పోయానని తెలిసి కూడా రాని వెధవ. నా కొట్టు మీద వాడెందుకురా?"

ఆదెయ్య తిరిగొచ్చి బోర్డు ముందు స్టూలు వేసుకున్నాడు. "వేయవయ్యా కళ్లు."

"ఎవరూ లేనప్పుడు వేస్తానండి. అలవాటు."

"నా కళ్లు, నేను లేకుండా వేస్తావా?"

ఖాదర్ వలి బోర్డు దగ్గరికి జరిగాడు. సన్నకుంచె తీశాడు. ఆదెయ్య ఎడమకంట్లో శుక్లం. కనుపాప మీద తెల్లటి పొర. పాసుపుస్తకంలో ఆ కన్ను నల్లగా, శుభ్రంగా ఉంది.

"ఏది వేయమంటారు? అప్పటిదా, ఇప్పటిదా?"

ఆదెయ్య ఎడమకన్ను తువ్వాలుతో ఒత్తుకున్నాడు. "అప్పటిది వేస్తే ఎవరో పోయినోడి బొమ్మ అనుకుంటారు. ఇప్పటిదే వెయ్యి."

రెండు గంటలు కదలకుండా కూర్చున్నాడు. కుంచె కంటి మీదికి వచ్చినప్పుడల్లా తన కన్ను ఆర్పాడు. అయిపోయాక, బతికున్నట్టు ఊరికి రుజువు పంపాలని పట్టుబట్టాడు. ఖాదర్ వలి బోర్డును ఎండలోకి తెచ్చి, పక్కన ఆదెయ్యను నిలబెట్టి, కెమెరాలో కొత్త రీలు వేసి ఏడు ఫొటోలు తీశాడు. రీలు ఫొటో ల్యాబులో ఇచ్చి, గంట ఆగి ఇద్దరూ ఫొటోలు తెచ్చుకున్నారు. ఏడు ఫొటోల్లోనూ బోర్డు మీద ఆదెయ్య కళ్లు తెరుచుకుని ఉన్నాడు. పక్కన నిలబడ్డ ఆదెయ్య కళ్లు మూసుకుని ఉన్నాడు.

"కంట్లో పొరకి ఎండ పడదు," అన్నాడు ఆదెయ్య. ఏడూ వరసగా ఇంకోసారి చూశాడు. "ఇవి పంపితే ఈసారి పెద్దకర్మ కూడా చేసేస్తారు. ఫొటోలు కట్టిపెట్టు. బోర్డే పోవాల."

ఆ సాయంత్రమే బోర్డును గోనెపట్టాల్లో చుట్టి మాచర్ల బస్సు పైకెక్కించారు. ఖాదర్ వలి బిగించే సామాను తీసుకుని ఆదెయ్య పక్కన కూర్చున్నాడు. పిడుగురాళ్ల దాటేదాకా ఆదెయ్య కిటికీలోంచి పొలాలు చూశాడు. తర్వాత, "నువ్వు జూన్‌లో కొట్టు మూస్తావంటగా. మీ బావమరిది చెప్పాడు," అన్నాడు.

"మీ అబ్బాయి ఈ బోర్డు వద్దంటే మూసేస్తానండి."

కొట్టు ముందు గోనెపట్టాలు విప్పగానే కోటేష్ ముఖం మాడింది. "ఆ కన్నేంటండీ అట్లా తెల్లగా? పురుగుమందుల కొట్టు మీద గుడ్డికన్నా? రైతులేమనుకుంటారు?"

"నాది అంతేరా," అన్నాడు ఆదెయ్య.

"ఫ్లెక్సీలో అయితే—"

"ఫ్లెక్సీలో మీ మామ వస్తాడు."

కోటేష్‌కు అది అర్థం కాలేదు. తల్లిని పిలిచాడు. సుబ్బరావమ్మ చేతులు చీరకొంగుకు తుడుచుకుంటూ వచ్చి బోర్డు ముందు నిలబడింది. జనం చుట్టూ మూగారు. ఖాదర్ వలి సుత్తి చేతిలో పట్టుకుని ఆవిడ ముఖంలోకి చూశాడు. ఆవిడ ఎడమకన్నుకేసి చూసింది, కుడికన్నుకేసి చూసింది. ఉన్నట్టుండి కోపం వచ్చింది.

"ఏందా చూపు? పొద్దున్నే నేనేదో అన్నం పెట్టనట్టు! బస్సెక్కేముందు రొట్టె కట్టివ్వలా?"

బోర్డు ఏమీ అనలేదు. "అమ్మా, అది బొమ్మ," అన్నాడు కోటేష్. ఆవిడ ఒక్క క్షణం తడబడి, "తెలుసులేరా," అని కొంగు సర్దుకుని లోపలికి పోయింది. కోటేష్ కాసేపు తల గోక్కుని, "సరే, ఎక్కించండి," అన్నాడు.

ఖాదర్ వలి నిచ్చెన దిగుతుంటే ఆదెయ్య కింద నిలబడి ఉన్నాడు.

"వలీ, ఈ పని ఇంకా అవలేదు. తెలుసుగా?"

"ఏం మిగిలిందండీ?"

"దండ. నేను పోయినాక నువ్వే వచ్చి వెయ్యాల. పేలికలు కాదు, బంతిపూలు. రేకు మీద దండ ఫ్లెక్సీవాడికి చేతకాదు."

"అలాగేనండి," అన్నాడు ఖాదర్ వలి. అన్నాక గానీ ఆ మాటకు దుకాణం ఉంచాల్సి వస్తుందని తట్టలేదు.

ఇంటికొచ్చి పనుల పలక మీద "దాచేపల్లి – దండ" అని రాశాడు.

"ఎప్పటికి కావాలంట?" అని అడిగింది నసీమున్నీసా.

"వాళ్లే చెప్తామన్నారు."

జూన్ ఒకటిన రంజాన్ గుమ్మంలోకి వచ్చి అడిగితే పలక చూపించాడు. రంజాన్ దాన్ని రెండుసార్లు చదివి వెళ్లిపోయాడు. ఆ తర్వాత పని పెద్దగా పెరగలేదు. గుళ్లకూ, మసీదు గోడలకూ, ఫ్లెక్సీ ఎండకు వెలిసిపోయి తిరిగొచ్చిన ఒకరిద్దరికీ రాశాడు. పలక మీది ఆర్డరు మాత్రం అలాగే ఉంది.

ఏటా మే నెలలో మాచర్ల బస్సులో ఒక కవరు వస్తుంది. లోపల ఒక ఫొటో. బోర్డు కింద ఆదెయ్య నిలబడి, రెండు చేతుల వేళ్లతో రెండు రెప్పలూ పైకి లాగి పట్టుకుని ఉంటాడు. మొదటి మూడేళ్లూ వెనక కోటేష్ రాత ఒకటే: "ఇంకా లేదు."

2009లో వచ్చిన నాలుగో ఫొటో వెనక ఇంకో వాక్యం ఉంది. ఈసారి ఆదెయ్యే రాశాడు, అక్షరాలు వంకరపోయిన నాగలిచాళ్లలా ఉన్నాయి. "రంగు ఎండిపోకుండా చూసుకో."

ఖాదర్ వలి బంతిపువ్వు రంగు డబ్బా దించి మూత తీశాడు. పైన మీగడ కట్టింది. పుల్లతో ఆ మీగడ ఎత్తేసి, కాస్త టర్పెంటైను పోసి కలిపి, మూత బిగించి మళ్లీ అరలో పెట్టాడు.